జారని మెట్లు

ఫిబ్రవరి 6

తమ్ముడూ,

నాలుగు నెలలుగా నీకు ఒక్క ఉత్తరమైనా రాయలేదు. కోపం వల్లేనని నువ్వు అనుకుంటున్నావట, మన షాపు జిగురు బాబాయి నిన్ను చూసి వచ్చి చెప్పాడు. కోపం కాదు. కాగితం ముందు పెట్టుకుని 'తమ్ముడూ' అని రాసేదాన్ని. ఆ పైన మాట నడవక మడిచి పక్కన పెట్టేదాన్ని. అలా మడిచినవి పదకొండు పోగయ్యాయి. ఇవాళ మాత్రం రాయక తప్పదు. నిన్న మీ లాయరు గారు ఇంటికి వచ్చారు.

పాపం, మూడంతస్తులు ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. మంచినీళ్లు తాగి, సంచిలోంచి టైపు చేసిన కాగితం తీశారు. నీకు పడ్డ ఏడేళ్ల శిక్ష తగ్గించమని వేసిన అప్పీలుకు దాన్ని జత చేస్తారట. కింద నా సంతకం కావాలి. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనే కాబట్టి, ఒకే షాపులో ముప్పై మూడేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాను కాబట్టి నా మాటకు విలువ ఉంటుందన్నారు.

"శిక్ష సగానికి తగ్గినా తగ్గొచ్చమ్మా. కానీ మీవాడు స్వతహాగా చెయ్యెత్తే మనిషి కాడని వాళ్లకు నమ్మకం కుదరాలి. ఆ మాట ఇంట్లోవాళ్లు చెబితేనే అందం" అన్నారు.

కాగితంలో ఆరు విషయాలు ఉన్నాయి. మొదటి నాలుగూ మన పుట్టుపూర్వోత్తరాలు, నీ పనితనం. వాటితో పేచీ లేదు. ఐదోది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'ఈ ఘటనకు ముందు నా తమ్ముడు తాగినప్పుడు గానీ తాగనప్పుడు గానీ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు.' ఆరోది: 'ఆరేళ్ల కిందట నేను మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, తన సెలవు రోజులన్నీ పెట్టి నా కోసం మెట్ల పక్కన ఇనప కడ్డీ బిగించాడు.'

ఆ ఆరోది ఆయనకు ఎవరు చెప్పారు? నువ్వేనా?

కళ్లజోడు మరమ్మతుకు ఇచ్చాను, వచ్చాక చదువుకుని సంతకం పెడతానని చెప్పాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. ఆయన పెద్దమనిషి, చూసీ చూడనట్టు లేచారు. మార్చి పదిలోగా కావాలట.

షాపులో నీ అట్టల బల్ల ఇంకా ఖాళీగానే ఉంది. దాని మీద ఎవరూ ఏమీ పెట్టడం లేదు. పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. ఒంట్లో ఎలా ఉందో రాయి. రెండు పూటలా ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూనే ఉన్నాను.

నీ అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

నీ చేతిరాత చూడగానే కవరు విప్పకుండా గంటసేపు జేబులో పెట్టుకుని తిరిగాను. పక్క మంచం పెద్దాయన, "ఏంటయ్యా, గుడ్డు పొదుగుతున్నావా?" అన్నాడు. ఇక్కడ ఉత్తరాలు విప్పి లోపల వస్తువులేమీ లేవని చూసి ఇచ్చేస్తారు. చదివే ఓపిక ఎవరికీ లేదు. కాబట్టి నువ్వు దాచుకోకుండా రాయొచ్చు.

నాకు చిరిగిన రిజిస్టర్లు బైండు చేసే పని ఇచ్చారు. సూది ఇవ్వరు, జిగురుతోనే అతికించాలి. ఈ పుస్తకాలు చూస్తే నువ్వు ఏడుస్తావు. ఒక్కటి కూడా బల్ల మీద పూర్తిగా తెరుచుకోదు. తాగక నాలుగు నెలలైంది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ఇక్కడ దొరకదు.

అవును, కడ్డీ సంగతి చెప్పింది నేనే. నా గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పమని లాయరు గారు అడిగితే, నిజం చెబుతున్నాను, చాలాసేపు ఏమీ తట్టలేదు. తర్వాత అదొక్కటి గుర్తొచ్చింది. పాత ఇనుములో పైపు వెతికి, గోడకు కన్నాలు వేసి, కింది అంతస్తు ముసలమ్మ తిట్లు తింటూ పదమూడు ఆదివారాలు బిగించాను. నా జీవితంలో మొదలుపెట్టి పూర్తి చేసిన మంచి పని అదొక్కటే అక్కా. నువ్వు ఇప్పటికీ దాన్ని పట్టుకునే దిగుతున్నావుగా?

ఆ సాయంత్రం గురించి నువ్వు అడగవు, నేనే చెబుతాను. పెద్ద ఆర్డరు పూర్తయిందని అందరం తాగాం. నా అట్టలు వంకరగా ఉన్నాయని కటింగు మేస్త్రి నవ్వాడు. అంతవరకు గుర్తుంది. ఆ పైన కోర్టులో సాక్షులు చెబుతుంటే విన్నదే. పుస్తకాలు నొక్కే మరకు ఉండే ఇనప పిడి ఊడదీశానట. ముఖం మీద కొట్టానట. ఒకసారి కాదట. అతని కుడి కన్ను పోయింది. నేను చేసిన పనిని ఎవరి గురించో చెబుతున్నట్టు విన్నాను.

ఇంకోటి. నువ్వు ప్రతి ఆదివారం మేస్త్రి ఇంటికి వెళ్తున్నావని బాబాయి చెప్పాడు. చదువుకున్నదానివి, ఆలోచన ఉన్నదానివి. అతను క్షమించానని ఒక్క మాట కోర్టుకు రాసిస్తే మన పని సగం అయినట్టేనని లాయరు గారు కూడా అన్నారు. నెమ్మదిగా అడుగు, తొందరపెట్టకు.

సంతకం పెట్టి పంపించెయ్యి. విచారణ మార్చి 24న.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 23

తమ్ముడూ,

ముందు ఒక పొరపాటు సరిదిద్దాలి. నేను మేస్త్రి ఇంటికి వెళ్తున్నది నీ కోసం కాదు. క్షమాపణ అడగలేదు, అడగను కూడా. ఫారాలు తీసుకెళ్తున్నాను. అచ్చయిన కాగితాలను అతను ఇంట్లో కూర్చుని మడుస్తాడు, మడిచినవి నేను సోమవారం షాపుకు చేరుస్తాను. అతను ఖాళీగా కూర్చోలేడు, షాపుకు రాలేడు. యజమానిని ఒప్పించి ఈ ఏర్పాటు చేశాను. అంతకు మించి ఏమీ లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు అతని భార్య తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి వెళ్లిపోయింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కాసేపటికి ఒక కుర్చీ తెచ్చి వేసి మళ్లీ వెళ్లిపోయింది. ఇప్పటికీ అంతే. మాట ఉండదు, కుర్చీ ఉంటుంది.

మేస్త్రి మాట్లాడతాడు. మొన్న ఇలా అన్నాడు: "ఒక కంటితో గీత తిన్నగానే కనబడుతుంది చెల్లెమ్మా. దూరమే తెలియడం లేదు. కత్తి ఎక్కడుందో, నా వేళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా కటింగు మిషను ముందు ఎలా నిలబడను?" అని, నా ముఖం చూసి నవ్వాడు. "మీవాడికి మాత్రం చెప్పు, ఒక కంటితో చూసినా వాడి అట్టలు వంకరే."

నాకు నవ్వు రాలేదు. నీకు చెప్పమన్నాడు కాబట్టి చెప్పాను.

కాగితం బీరువాలో ఉంది. రోజూ తీస్తున్నాను, చదువుతున్నాను, పెడుతున్నాను. నిన్ను ఒకటి అడగాలి. నేను పడ్డానన్న ఆ ఆదివారం నీకు ఎంతవరకు గుర్తుంది? సరిగ్గా ఆలోచించి రాయి.

చలి తగ్గుతోంది. రెండో దుప్పటి అక్కర్లేకపోతే తిరిగి ఇచ్చెయ్యి, ఇంకొకరికి పనికొస్తుంది.

నీ అక్క


మార్చి 1

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మేస్త్రి ఉన్నాడు, మేస్త్రి భార్య ఉంది, వాళ్ల కుర్చీ కూడా ఉంది. నేను ఎక్కడున్నానని వెతికాను. దుప్పటి దగ్గర కనిపించాను.

అతనికి చేసిన దానికి నాకు బాధ లేదనుకోకు. ఏడేళ్లు ఎక్కువ కాదని నువ్వు అనుకుంటే అనుకో. కొన్ని పొద్దుల్లో నేనూ అలాగే అనుకుంటాను. కానీ కొన్ని పొద్దుల్లో బయటికి రావాలని కూడా ఉంటుంది. నలభై ఐదేళ్లవాడు బయటికి రావడం వేరు, నలభై తొమ్మిదేళ్లవాడు రావడం వేరు. ఎవరినీ అబద్ధం చెప్పమనడం లేదు. జరిగింది జరిగినట్టు ఉన్న కాగితం మీద సంతకం పెట్టడానికి నా అక్కకు ఇన్ని రోజులు పట్టిందంటే, ఆమె మనసు ఆ ఇంటివైపు మొగ్గిందనే అర్థం. వాళ్లు నీకు 'చెల్లెమ్మా' అని కొత్త వరస కూడా కలిపారు. సంతోషం.

ఆ ఆదివారం గుర్తుందా అని అడిగావు. ఎందుకు అడిగావో నాకు తెలుసు. ఎవరింట్లోనో విందుకెళ్లి పట్టపగలే తాగి వచ్చి పడుకున్నాను. నువ్వు చెయ్యి విరిగి ఒక్కదానివే ఆసుపత్రికి వెళ్తే లేవలేదు. మర్నాడు పొద్దున కట్టుతో నిన్ను చూసేవరకు నాకు తెలియదు. అది ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నావన్నమాట. నిద్రపోయినందుకా అక్కా ఈ శిక్ష? నేనేమైనా మెట్ల మీద నూనె పోశానా? జారింది నువ్వు. మళ్లీ జారకుండా కడ్డీ వేసింది నేను.

పది లోపు ఇవ్వకపోతే ఇచ్చినా దండగే. ఏడా, మూడా అన్నది ఇప్పుడు నీ కలం చివర ఉంది.

తమ్ముడు


మార్చి 5

చిన్నా,

ఈ పేరుతో నిన్ను పిలిచి చాలా కాలమైంది. ఇది రాయాలంటే ఆ పేరుతోనే మొదలుపెట్టాలి.

నేను మెట్ల మీద జారలేదు. ఆ మెట్లు నన్ను ఎప్పుడూ పడెయ్యలేదు.

నువ్వు మూడు గంటలకు వచ్చావు. కాసేపు మంచం మీద కూర్చుని, మళ్లీ బయటికి వెళ్తానని లేచావు. నిలబడలేకపోతున్నావు, రోడ్డు మీద ఏమవుతావోనని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. 'తప్పుకో' అన్నావు. తప్పుకోలేదు. నా ఎడమ చెయ్యి పట్టుకుని మెలితిప్పి పక్కకు విసిరావు. గోడకు కొట్టుకున్నాను. విరిగిన చప్పుడు నాకు వినిపించింది, కుట్టేటప్పుడు దారం తెగినట్టు చిన్న చప్పుడు. నువ్వు బయటికి కూడా వెళ్లలేదు. అడ్డం తొలగిన తర్వాత వెళ్లాలన్న సంగతే మరిచిపోయి, మంచం మీద పడి నిద్రపోయావు.

మెట్ల దగ్గరికి నేను వెళ్లింది ఆసుపత్రికి దిగడానికే. ఎలా జరిగిందని డాక్టరు అడిగినప్పుడు, అప్పుడే దిగి వచ్చాను కాబట్టి కాబోలు, నోటికి మెట్లే వచ్చాయి. మర్నాడు నువ్వు నా కట్టు చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చావు. ఆ ఏడుపు ముందు నిజం చెప్పలేకపోయాను. నీకూ మెట్లే చెప్పాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అమ్మ అనేది. చించుకోలేదు.

తర్వాత నువ్వు కడ్డీ మొదలుపెట్టావు. పదమూడు ఆదివారాలు కన్నాలు వేస్తుంటే నేను కింద నిలబడి మేకులు అందించాను. ఆ మూడు నెలలు నువ్వు చుక్క ముట్టలేదు. నా అబద్ధం పనిచేసిందనుకున్నాను. దేవుడే ఆ మాట నా నోట పలికించాడని కూడా అనుకున్నాను. చూశావా, ఎంత పొగరో. దేవుడి దగ్గర అబద్ధం ఆడే పని లేదు, ఆయనకు అన్నీ తెలుసు. తెలియనివాడివి నువ్వు ఒక్కడివే. నీ దగ్గరే ఆడాను.

షాపులో కుట్టిన ప్రతి పుస్తకం చివరి ఫారం మీద పెన్సిలుతో ఎవరి గుర్తు వాళ్లు వేస్తాం. తప్పు పడితే ఎవరి దగ్గరికి తిరిగి రావాలో తెలియాలని. ముప్పై మూడేళ్లలో ఒక్క పుస్తకం కూడా గుర్తు లేకుండా పంపలేదు. ఆ ఆదివారాన్ని మాత్రం నీ గుర్తు చెరిపి పంపించాను. అది తిరిగి రావాల్సిన చోటికి రాలేదు, మేస్త్రి ఇంటికి వెళ్లింది. తాగితే నీ చెయ్యి ఏం చేస్తుందో ఆ రోజే నీకు చెప్పి ఉంటే మానేవాడివో లేదో నాకు తెలియదు. చెప్పలేదన్నది మాత్రం తెలుసు. ఆదివారం ఆదివారం ఆ ఇంటికి నన్ను నడిపిస్తున్నది అదే. నువ్వు అన్నట్టు మొగ్గు కాదు.

నిద్రపోయినందుకు నీ మీద నాకు ఏ కోపమూ లేదు.

లాయరు గారికి కాగితం సంతకం లేకుండా తిరిగి ఇచ్చేశాను. ముందు ఇచ్చి, తర్వాతే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వు ఇంకోసారి అడిగితే పెట్టేస్తానేమోనని భయం.

నీ అక్క


మార్చి 18

అక్కా,

పన్నెండు రోజులు రాయలేదు. నాకు నీ పదకొండు కాగితాల సంగతి ఇప్పుడు అర్థమైంది.

మొదట నమ్మలేదు. మేస్త్రి ఇంట్లో వాళ్లు నీకు ఏదో నూరిపోశారనుకున్నాను. తర్వాత కళ్లు మూసుకుని ఆ గుమ్మం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏమీ లేదు. నల్లగా కూడా లేదు, అసలు లేదు. కోర్టులో సాక్షులు చెబుతున్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. అక్కడ పది మంది చూశారు. ఇక్కడ చూసినదానివి నువ్వు ఒక్కదానివే, నువ్వూ చెప్పకపోతే అది జరగనే లేదు.

కోపం కూడా వచ్చింది. అది దాచను. నువ్వు దాచింది నీ చెయ్యి నొప్పి అయితే అది నీ ఇష్టం. కానీ నువ్వు దాచింది నేను చేసిన పని. అది నాది. దాన్ని నా దగ్గరే దాచే హక్కు నీకెవరిచ్చారు? చెయ్యి విరిచినవాడి చేత కడ్డీ వేయించుకుని, ఆరేళ్లు 'మా తమ్ముడు వేశాడు' అని వచ్చినవాళ్లకల్లా చూపించావు. నేనూ పక్కన నిలబడి మురిసిపోయాను. నా జీవితంలో చేసిన ఒకే ఒక్క మంచి పని అని నీకే రాశాను. అది చదివినప్పుడు నీకు ఎలా అనిపించిందో అని ఇప్పుడు అనుకుంటున్నాను.

లాయరు గారు వచ్చారు. మీ అక్కగారు ఎందుకు వెనక్కి తగ్గారని అడిగారు. ఆ రెండు విషయాలూ నిజం కాదని, తీసేయమని చెప్పాను. తీసేస్తే అప్పీలులో మిగిలేది అట్ట మాత్రమేనన్నారు. అట్టలు వేయడం నాకు అలవాటేనన్నాను. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు నేను అడిగేది సంతకం కాదు. ఇంకా ఏమేం ఉన్నాయి? నాకు తెలియకుండా నేను చేసినవి. నీకు తెలిసినవన్నీ రాయి. నన్ను చూసి జాలిపడి ఒకటి తగ్గించినా నాకు తెలిసిపోతుంది.

తమ్ముడు


మార్చి 27

చిన్నా,

విచారణ సంగతి లాయరు గారు నీకు చెప్పే ఉంటారు. అయినా నేను చూసింది రాస్తాను. గది చిన్నది, ఫ్యాను చప్పుడు ఎక్కువ. నేను మేస్త్రి భార్య వెనక బెంచీలో కూర్చున్నాను. మన లాయరు గారు పావుగంట మాట్లాడారు. నీ వయసు, నీ పనితనం, నువ్వు జైల్లో రిజిస్టర్లు బాగుచేస్తున్న సంగతి, అన్నీ చెప్పారు. బాగానే చెప్పారు. ముగ్గురు జడ్జీల్లో పెద్దాయన కాగితాలు తిప్పి, బాధితుడికి జరిగిన నష్టం చూస్తే శిక్ష తగ్గించడానికి కారణం కనబడటం లేదన్నారు. ఒక కట్టకు తాడు బిగించేంతసేపు కూడా పట్టలేదు. ఏడేళ్లు ఏడేళ్లే.

వరండాలో లాయరు గారిని అడిగాను, నా కాగితం ఉండి ఉంటే వేరుగా ఉండేదా అని. ఆయన సంచి సర్దుకుంటూ, "చెప్పలేనమ్మా. ఉండేదేమో" అన్నారు. ఆ 'ఏమో'ను నేను మోయాలి. నువ్వు మోయకు. నీకు చాలా ఉంది.

మెట్లు దిగుతుంటే మేస్త్రి భార్య నా పక్కకు వచ్చింది. ఇన్నాళ్లలో మొదటిసారి నోరు విప్పింది. "ఆదివారం ఫారాలు తెస్తారుగా?" అంది. తెస్తానన్నాను. అంతే.

నీ కోపం న్యాయమైనది. ఆ హక్కు నాకెవరూ ఇవ్వలేదు. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. తాగి నువ్వు మరిచిపోయావు, తాగకుండా నేను చెరిపేశాను. ఇద్దరిలో తెలిసి చేసినదాన్ని నేనే.

ఇక నువ్వు అడిగినవి. తేదీలు నాకు గుర్తున్నంతవరకు వేశాను.

తొమ్మిదేళ్ల కిందట, వానాకాలం. అమ్మ ఫొటో గాలికి పడి పగిలిందని చెప్పాను. గాలి కాదు, నువ్వు విసిరేశావు. నన్ను తిడుతూ కాదు, అమ్మనే తిడుతూ. నిన్ను తొమ్మిదేళ్లకే వదిలి పోయిందని. మర్నాడు నువ్వు కొత్త అద్దం వేయించి, గాలి రాకుండా కిటికీకి గడియ కూడా మార్చావు. మన ఇంట్లో నువ్వు బాగుచేసినవన్నీ ఇలాంటివే, చెడింది ఒకటి, బాగుపడింది మరొకటి.

ఎనిమిదేళ్ల కిందట. జిగురు బాబాయి మెడ పట్టుకుని గోడకు అదిమావు, షాపులోనే, అందరి ముందూ. వదలడానికి ఇద్దరు మనుషులు పట్టారు. మర్నాడు యజమాని మమ్మల్నందరినీ పిలిచి, మంచి పనివాడు, సిగ్గుపడి మానేస్తాడు, వాడికి చెప్పొద్దన్నాడు. ఎవరూ చెప్పలేదు. బాబాయి ఆ వారమంతా మెడకు తుండు చుట్టుకుని తిరిగాడు. జలుబన్నాడు. ప్రతి నెలా నిన్ను చూడటానికి వస్తున్నది ఆ మనిషే.

ఆరేళ్ల కిందట, నా చెయ్యి. అది రాశాను.

నాలుగేళ్ల కిందట. నీకు నిశ్చయమైన సంబంధం వాళ్లకు మన కుటుంబం నచ్చలేదని చెప్పాను. అది నిజం కాదు. ఆ అమ్మాయి ఒక సాయంత్రం మన ఇంటికి వచ్చింది. నువ్వు తలుపు తీసి ఆమెతో ఏమన్నావో నేను ఇక్కడ రాయలేను. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదేమో అనిపించే మాటలు. ఆమె చెప్పులు వేసుకోకుండానే దిగిపోయింది. మర్నాడు నేను ఆ చెప్పులు తీసుకెళ్లి ఇచ్చి, నీకు చెప్పొద్దని ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. రెండేళ్లు నువ్వు ఆమెను తిట్టుకున్నావు. నేను వింటూ ఊరుకున్నాను. దీన్ని అన్నిటికన్నా చివర రాశాను. రాయకుండా వదిలేద్దామని కూడా అనుకున్నాను. ఒకటి తగ్గించినా తెలిసిపోతుందన్నావు, అందుకే రాశాను.

నాకు తెలిసినవి ఇవే. తెలియనివి ఉంటే చూసినవాళ్లను నువ్వే అడగాలి. బాబాయిని అడుగు. అడిగితే చెబుతాడు.

వచ్చే నెల మొదటి శనివారం నిన్ను చూడటానికి వస్తున్నాను. ఇంతకుముందు రెండుసార్లు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను, ఎదురుగా కూర్చుంటే నువ్వు నా మణికట్టు చూసి మెట్ల గురించి ఏదో వేళాకోళం ఆడతావని. ఇప్పుడు నువ్వు ఏమన్నా వింటాను. ఏమీ అనకపోయినా కూర్చుంటాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఇంకా పై కోర్టుకు వెళ్దామని, నువ్వు మారావని చూపే ఉత్తరాలు ఏమైనా ఉంటే ఇవ్వమని లాయరు గారు అన్నారు. ఇవి ఇవ్వకు. చదివినవాళ్లు నిన్ను మంచివాడంటారు, లేకపోతే చెడ్డవాడంటారు. రెండింటికీ నేను వీటిని రాయలేదు. నీ బతుకులో నీకు తెలియని నాలుగు రోజులు ఇవి, నీవి నీకు చేర్చాను. దాచుకో చిన్నా. ఎవరికీ చూపించకు.

నీ అక్క